తపసుమాను కాడ చెనక్కాయ తొక్కలు

“నగరి మొత్తంలో నా కన్ను దాటి చీమ కూడా పోలేదు గిరీ! నేరం యాడ పుడతాదో, నా ముక్కు ఆడికి ముందే పోయి కూర్చోనుంటాది!”

ధనశేఖర్ ఈ ప్రకటన మొదటిసారి చేసినప్పుడు గిరికి వినపడలేదు. షెడ్డులో మరమగ్గాలు టకటకమని ఆడుతున్నాయి. రెండోసారి గొంతు పెంచి చేశాడు. గిరి చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, “ఏందీ, చీమలా? చక్కెర డబ్బా పైగూట్లో పెట్టుకోరా” అన్నాడు. మూడోసారి ధనశేఖర్ రొమ్ము నిండా గాలి పీల్చుకొని అరవడమూ, కరెంటు పోవడమూ ఒకేసారి జరిగాయి. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో “నా ముక్కు!” అన్న కేక ఒక్కటే వీధి చివరి దాకా పోయింది.

ఎదురింటి పంకజాక్షి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. “ఏమైందన్నా ముక్కుకి? యాడన్నా కొట్టుకున్యావా?”

ధనశేఖర్ ఆమె వైపు జాలిగా చూశాడు. మేధావులకు ఇలాంటివి మామూలే.

ఆయన చాలా ఏళ్ళు తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో కూర్చున్నాడు. వచ్చే ప్రతి యాత్రికుడి ఆధార్ కార్డునూ మొహాన్నీ మార్చి మార్చి చూడడమే అక్కడ పని. కార్డులో ఉన్న మొహం ఎదురుగా నిలబడ్డ మనిషిది అయినట్టు ఒక్కసారి కూడా అనిపించలేదు. దాంతో, లోకంలో ప్రతివాడూ ఇంకొకడి వేషంలో తిరుగుతున్నాడని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. ఊరికి తిరిగొచ్చి బస్టాండు దగ్గర కొట్టు పెట్టాడు. బోర్డు మీద ‘జెరాక్స్ – లామినేషన్ – నేర పరిశోధన’ అని రాయించాడు. జనం మొదటి రెండింటికే వచ్చేవాళ్ళు.

ఇప్పటిదాకా ఛేదించిన వాటిల్లో పెద్ద కేసు ధర్మరాజుల గుడి ముందు పోయిన చెప్పులది. దొంగ అడుగుజాడ పట్టుకొని వీధులన్నీ తిరిగి తిరిగి పోతే అది ఆయన కొట్టు ముందరే ఆగింది. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి. ‘నేరస్థుడు ఎంత దగ్గరివాడైనా నేను వదల్లేదు’ అని ఆ కేసు గురించి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

“సరే, ఇప్పుడేమైంది?” అన్నాడు గిరి.

ధనశేఖర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “హత్య.”

“ఎవురిది?”

“ఇంకా జరగలేదు. జరగబోతాది.”

“అదే, ఎవురిదిరా?”

“నీది.”

గిరి కుడిచెయ్యి లుంగీ మడతలో ఉంది. అక్కడ నాలుగు వేయించిన వేరుశనక్కాయలు ఉన్నాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ధనశేఖర్ జేబుల చొక్కాలోంచి అట్టలాంటి వస్తువొకటి తీశాడు. వేరుశనక్కాయ తొక్క. సాక్ష్యం చెడిపోకూడదని లామినేషన్ చేయించాడు. మిషను వేడికి అది చపాతీలా అణిగిపోయింది.

“ఇదేందో సూడు.”

“చెనక్కాయ తొక్క.”

“నీకు తొక్క కనపడతాది. నాకు కుట్ర కనపడతాది. దినామూ మద్యాన్నం గుడి యెనకాల తపసుమాను కాడ ఇవి పడుంటా ఉండాయి. పూజారి సుబ్బన్న చిమ్మలేక సస్తా ఉండాడు. పరకతో పాటు కేసు నా చేతిలో పెట్టినాడు.”

గిరి లుంగీ మడతను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ తొక్కలు వేసింది ఆయనే.

ఎందుకు వేశాడో చెప్పాలంటే ముందు ఆ మాను సంగతి చెప్పాలి. నగరికి ఆనుకొని ఉన్న ఆ మగ్గాల వీధికి ధర్మరాజుల గుడి ఒకటుంది. వేసవిలో అక్కడ భారతం జరుగుతుంది. పగలు కథ, రాత్రి ఆట. అన్నిట్లోకీ అర్జునుడు తపస్సుకు పోయే రోజు పెద్దది. ఏడాది పొడుగునా గుడి వెనక పడుకొని ఉండే తాటిమానును ఆ రోజు మోకులు కట్టి నిలబెడతారు. మెట్లలా కర్రచీలలు కొట్టి ఉంటాయి. అర్జున వేషగాడు ఒక్కో చీల మీదా నిలబడి పద్యం పాడుతూ పైకెక్కుతాడు. కొసన ఉన్న పలక మీద కూర్చొని, మెడలో వేలాడే జోలెలోంచి నిమ్మకాయలూ పూలూ విబూదీ కిందికి విసురుతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు కొంగులు పట్టుకొని మాను కింద నిలబడి ఉంటారు.

గిరి నాయన చెంగయ్య ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఆ మాను ఎక్కాడు. పోయే ముందు పద్యాలన్నీ కొడుక్కి అప్పగించి పోయాడు. గిరికి వాటిల్లో ఒక్క ముక్క పొల్లుపోదు. పొల్లుపోయిందల్లా నడుము. మగ్గం దగ్గర నిలబడే పని తగ్గి, కుర్చీ వేసుకొని చూసుకునే పని పెరిగింది. ఇంటికి పోతే పెళ్ళాం ఉదయలక్ష్మి చేసే సంగటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి, వంకాయ పులుసు. నిరుడు సగం మాను దాకా ఎక్కి ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. పద్యం నడుమ తెగింది. కింద హార్మోనియం ఆయన అదే ముక్కను తిప్పి తిప్పి వాయించి వేళ్ళు నొప్పి పెట్టుకున్నాడు. ఎట్లాగో ఎక్కి దిగాడు గానీ, గుడి పెద్ద వరదయ్య పక్కకు పిలిచి చెప్పాడు.

“గిరీ, అర్జునుడు తపస్సుకు పోయినట్టు లేదబ్బా. భీముడు దోవ తప్పి మానెక్కినట్టుండాది. వచ్చే ఏడూ ఇట్లే ఉంటే మాను బాలచంద్రకిచ్చేస్తాం.”

బాలచంద్ర ఉదయలక్ష్మి తమ్ముడు. జిమ్ముకు పోతాడు. చొక్కా చేతులు ఎప్పుడూ పైకి మడిచే ఉంటాయి. “బావా, నువ్వు కింద కూర్చొని పద్యం పాడు, నేను పైకెక్కి నోరాడిస్తా” అని అందరి ముందరా అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు గిరికి ఏడాదంతా మగ్గాల చప్పుడులో కూడా వినపడుతూనే ఉంది. నాయన ఎక్కిన మాను తన చేతుల మీదుగా పోకూడదు. అంతే ఆయనకు కావలసింది.

లుంగీల మూటలు అంగడికి వెయ్యాలని చెప్పి ఒకరోజు తిరుపతి పోయి, ఒక ఆసుపత్రిలో ఆహారం సంగతి చెప్పే నిస్సీ మేడమ్‌ను కలిశాడు. వయసులో చిన్నదైనా ఆ అమ్మాయి నిదానంగా అంతా విన్నది.

“అన్నం మానేయొద్దన్నా. మానేస్తే ఇంకో పూట రెండింతలు తింటారు. అన్నానికి కూర్చునే అరగంట ముందు రవ్వంత ఏదన్నా తినండి. పిడికెడు వేయించిన చెనక్కాయలో, ఒక కీరదోసకాయో. ఆకలి అరస్తా ఉన్నప్పుడు పోయి కంచం ముందర కూర్చుంటే చెయ్యి మన మాట వినదు. దాన్ని ముందే కొంచెం సముదాయించి పోవల్ల.”

“తినేదానికి ముందు తింటే లావు తగ్గతారా మేడమ్?”

“పిడికెడన్నాను అన్నా. గంపెడనలేదు.”

ఇది ఇంట్లో చెయ్యడానికి లేదు. ఉదయలక్ష్మి చెవిన పడ్డ మాట సాయంత్రానికి ఫోనులో తమ్ముడి చెవిన పడుతుంది. బావ భయపడి పథ్యం చేస్తున్నాడని బాలచంద్ర వీధంతా చెబుతాడు. పైగా అన్నం ముందర చిరుతిండి తిన్నవాణ్ణి చూస్తే ఉదయలక్ష్మికి ఒళ్ళు మంట. తన వంట నచ్చకనే తింటున్నారంటుంది. అందుకని గిరి మధ్యాహ్నం షెడ్డులోంచి గుడి వెనక్కి పోయేవాడు. పడుకొని ఉన్న తపసుమాను మీద కూర్చొని, పిడికెడు కాయలు ఒలుచుకొని, నాయనను తలుచుకొని, ఇంటికి పోయేవాడు. మందు పనిచేసింది. ఉదయలక్ష్మి రెండో ముద్ద తెస్తే చెయ్యి అడ్డం పెట్టగలిగాడు. నూలు కొట్లో మూటలు తూచే కాటా మీద నిలబడితే ముల్లు రవ్వంత వెనక్కి పోయింది.

తొక్కలు జేబులో వేసుకొని పోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

“సరే, తొక్కలుండాయి. దాంట్లో నా హత్య యాడుండాది?” అని అడిగాడు గిరి.

“చెనక్కాయలో ఏముంటాది?”

“గింజ.”

“గింజలో?”

“...నూనె.”

“ఆ నూనె యాడికి పోయినట్టు?” ధనశేఖర్ కళ్ళు చిన్నవి చేశాడు. “మానుకు! చెయ్యి పెట్టి సూసినా. నున్నగా జారతా ఉండాది. నువ్వు పైకి పోతావు, కాలు పెడతావు, జర్రున...” అని చేత్తో గాల్లో ఒక గీత గీశాడు. ఆ గీత కింద సిమెంటు గచ్చు దగ్గర ఆగింది.

“అది చానా ఏండ్లుగా మనుసులు ఎక్కి దిగి నున్నగైన తాటిమానురా!”

“మనం అట్ల అనుకోవల్లనే హంతకుడి ప్లాను.”

ఆ మర్నాటి నుంచి గిరి జాగ్రత్తపడి, వేరుశనక్కాయలు మాని కీరదోసకాయ తెచ్చుకున్నాడు. చెక్కు తీసి, ఆ చెక్కును మాను అవతల పడేశాడు. సాయంత్రానికి ధనశేఖర్ ఇంకొక అట్టతో వచ్చాడు. కీరదోస చెక్కును లామినేషన్ చెయ్యబోతే మిషను లోపల ఉడికిపోయిందట. కొట్టంతా పులుసు వాసన.

“గిరీ, నేననుకున్న దానికన్నా పెద్దది ఇది. ముఠా! చెనక్కాయలోడు ఒకడు, దోసకాయలోడు ఒకడు. ఇంక నిన్ను ఒక్క నిమిషం వదిలేది లేదు.”

నిజంగానే వదల్లేదు. కొట్టుకు తాళం వేసి వచ్చి షెడ్డులో గిరి పక్కన కుర్చీ వేసుకున్నాడు. గుడి వెనక్కి పోతే వెంట వచ్చాడు. గిరి ఒకరోజు ఇక తట్టుకోలేక ఆయన ముందరే పొట్లం విప్పాడు.

“ఇవి యాడివి?” ధనశేఖర్ పొట్లం లాక్కున్నాడు.

“సంతలో కొన్నా. ఆకలేస్తా ఉండాది, తినీరా.”

“విషముంటే? నా కంఠంలో ప్రాణం ఉండగా నిన్ను ముందు తినియ్యను.”

ఒక కాయ ఒలిచి నమిలాడు. కళ్ళు మూసుకొని ఆలోచించాడు. “మొదటి కాయలో పెట్టరు. తెలివైనోళ్ళు.” రెండోది తిన్నాడు. “నడిమద్దెలో పెడతారు.” అట్లా పొట్లం కొస దాకా పరిశోధించాడు. చివరికి, “విషం లేదు. నువ్వు ధైర్యంగా తినొచ్చు” అని ఖాళీ కాగితం గిరి చేతిలో పెట్టాడు.

ఆపైన ఇద్దరూ భోజనానికి పోయేవాళ్ళు. కాపలా కదా, ధనశేఖర్ కూడా పీట వేసుకొని కూర్చునేవాడు. ముందే పిడికెడు పడి ఉండడంతో ఒక ముద్ద తిని చెయ్యి కడిగేసేవాడు. ఏమీ పడని గిరి మూడు ముద్దలు తినేవాడు.

“ధనన్నను సూసి నేర్చుకో అయ్యా. ఎంత పొందిగ్గా తింటాడో!” అనేది ఉదయలక్ష్మి.

“కడుపు ఖాళీగా ఉంటేనే బుర్ర పనిచేస్తాదమ్మా” అనేవాడు ధనశేఖర్, ప్యాంటు పైకి లాక్కుంటూ. అది రోజురోజుకీ వదులవుతోంది. కొంతకాలానికి బెల్టు రంధ్రాలు అయిపోయి, షెడ్డులోంచి ఒక నూలు తాడు అడిగి తీసుకున్నాడు. నూలు కొట్లో కాటా ముల్లు మాత్రం గిరిని చూసి మళ్ళీ ముందుకు జరిగింది. తనను చంపబోయేవాడు ఎవడో గిరికి అప్పుడు అర్థమైంది. పక్కనే కూర్చొని ఉన్నాడు.

చివరికి దారి దొరికింది. గుడిలో వేషాల గది ఉంది. అందులో అర్జునుడి పెట్టె మీద అర్జునుడు తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యరు. ఆయన పద్యాలు చదువుకుంటున్నప్పుడు గదిలోకి రారు. ఆ కట్టుబాటును డిటెక్టివ్‌లు కూడా దాటలేరు. గిరి మధ్యాహ్నాలు అక్కడ చేరి తలుపు వేసుకొని పద్యం ఎత్తుకునేవాడు. ధనశేఖర్ తలుపు బయట కాపలా.

“లోపల ఏందిరా టిక్కు టిక్కుమంటా ఉండాది?”

“చిటికె వేసుకుంటా పాడతా ఉండా.”

ఒలిచిన తొక్కలు బయట పడేసే ధైర్యం ఇక లేదు. పెట్టెలోని జోలె కనపడింది. తొక్కలు అందులో వేశాడు. రేపటి కాయలూ అందులోనే దాచాడు. పండగ లోపల దులిపేస్తే సరిపోతుందనుకున్నాడు. ముల్లు మళ్ళీ వెనక్కి మళ్ళింది. పండగకు కంకణం కట్టిన రోజు నుంచి ఒంటిపూట భోజనం, ఇంకేమీ ముట్టకూడదు. చెనక్కాయల పని ముగిసింది. గిరి పద్యాల్లో పడ్డాడు. జోలె సంగతి మరిచిపోయాడు.

తపస్సుకు ముందురోజు ధనశేఖర్ ‘హంతకుణ్ణి’ పట్టుకున్నాడు. గుడి ముందర భారతం ఆడే మిట్ట మీద జనమంతా ఉండగా బాలచంద్ర మోచెయ్యి దొరకబుచ్చుకొని పైకెత్తాడు. ఆ చెయ్యి నిగనిగలాడుతోంది.

“సూడండి! ఈ నూనె యాడిది?”

“జిమ్ములో ఫోటో తీస్తామన్యారు. పూసుకున్యా. ఇడ్సన్నా!”

ధనశేఖర్ వేలితో తీసి నాలికకు రాసుకున్నాడు. జనం దగ్గరికి జరిగారు. “కొబ్బరి” అన్నాడు కొంచెం నీరసంగా. వెంటనే తేరుకొని, “చెనక్కాయ నూనె పూసుకుంటే దొరికిపోతానని కొబ్బరి పూసుకున్యాడు! ఎంత తెలివి!” అన్నాడు.

వరదయ్యకు చిర్రెత్తింది. “ఇంక సాలించండప్పా! రేపు గిరి యాడా నిలవకుండా కొసకు పోయినాడా, మాను ఆయనదే. నేనుండే దాకా ఇంకొకరి పేరు ఎత్తను. నడిమద్దెలో నిలిచినాడా, బాలచంద్ర యేషం కట్టుకొని కింద ఉంటాడు, యెనకాలే ఎక్కతాడు. అంతే.”

బాలచంద్ర మింగుడుపడనట్టు తల ఊపాడు. గిరి మాను వైపు చూశాడు.

మర్నాడు పొద్దున, మాను ఇంకా నేల మీదే ఉండగా, ధనశేఖర్ ఒక బకెట్టుతో వచ్చాడు. నూలు తెగకుండా పడుగు పోగులకు గంజి పెట్టే ఊరు అది. మాను జారకుండా ఉండాలన్నా ఆ ఊరివాడికి తట్టే ఉపాయం అదే. అడుగు నుంచి కొస దాకా చిక్కటి గంజి పట్టించాడు. బాగా బంక పట్టాలని అందులో బెల్లం కూడా కరిగించాడు. మాను నిలబెట్టిన వాళ్ళు అరచేతులు చూసుకొని, “ఏందబ్బా ఇట్ల అంటుకుంటా ఉండాది?” అన్నారు. కొత్త వార్నీషేమోనని వరదయ్య అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటింది. జనం మిట్ట నిండా కిక్కిరిసి ఉన్నారు. వరదయ్య నిమ్మకాయలూ పూలూ విబూదీ, అడుగున ఏముందో చూడకుండానే, తన చేత్తో జోలెలో నింపి గిరి మెడలో వేశాడు. ఈ కాలానికి తగ్గట్టు గిరి చెంప దగ్గర ఒక చిన్న మైకు తగిలించారు. ఆయన ఊపిరి తీసుకున్నా నాలుగు వీధుల్లో వినపడుతుంది.

“భయపడొద్దు గిరీ” అన్నాడు ధనశేఖర్ చెవిలో. “మాను పొడుగునా గంజి పట్టించినా. జారితే నన్నడుగు.”

గిరి మానుకు మొక్కి మొదటి చీల మీద కాలు పెట్టాడు.

పద్యం బాగానే లేచింది. చీల తర్వాత చీల. కింద ఉదయలక్ష్మి రెండు చేతులూ మొగుడి వైపే జోడించి ఉంది, పెదవులు పద్యంతో పాటే కదులుతున్నాయి. ఇంకో అర్జునుడు బాలచంద్ర కిరీటం సర్దుకుంటున్నాడు. సగం మాను వచ్చింది. నిరుడు ఆగిన చీల అదే. గిరికి దాని ముడి కూడా గుర్తుంది. ఒక్క క్షణం నిలిచి ఊపిరి తీసుకుందామనుకున్నాడు. కింద హార్మోనియం ఆయన వేళ్ళు విరుచుకొని, ఆ పాత ముక్కను తిప్పడానికి సిద్ధమయ్యాడు. వరదయ్య బాలచంద్ర వైపు చూశాడు.

అప్పుడు మడమ దగ్గర సూది గుచ్చినట్టయింది.

“నాయనా!” అన్నాడు గిరి.

ఆ కేక మైకులోంచి ఊరంతా మోగింది. “చెంగయ్యను తలుచుకుంటా ఉండాడు” అని వరదయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పంకజాక్షి చెంపలేసుకుంది.

గిరి కిందికి చూశాడు. బెల్లం గంజి వాసన పట్టిన ఎర్రచీమలు మాను చుట్టూ పొద్దుటి నుంచి బారులు తీరి, ఇప్పుడు కొత్తగా కదులుతున్న ఈ పాదాలను కనిపెట్టాయి. నగరిలో ధనశేఖర్ కన్ను దాటిపోయిన చీమలన్నీ అక్కడే ఉన్నాయి.

“నాయనో! నాయనో!” అంటూ గిరి ఎగబాకాడు. పద్యం గుర్రంలా పరుగెత్తింది. హార్మోనియం ఆయన అందుకోలేక చేతులెత్తేశాడు. అంత వేగంగా తపస్సుకు పోయిన అర్జునుణ్ణి ఆ మిట్ట ఎన్నడూ చూడలేదు. జనం ఈలలు వేశారు. చీమలు తరిమాయన్నది నిజమే. అయితే గిరికి ఒక్కడికే తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. నిరుడైతే ఇవే చీమలకు చేతులు వదిలేసి ఉండేవాడు. ఈ ఏడు ఊపిరి మిగిలింది, కాళ్ళు పైకే పోయాయి.

కొసన పలక మీద కూర్చున్నాడు. ఆకాశం దగ్గరగా, చల్లగా ఉంది. కింద ఇంకో అర్జునుడు విల్లు పక్కన పడేసి, మట్టిలో చతికిలబడి, “అమ్మయ్య!” అనడం ఒక్క ఉదయలక్ష్మే విన్నది.

“ఏమ్రా?”

“అక్కా, నాకు మేడెక్కితేనే కండ్లు తిరగతాయి. అందరి ముందరా గొప్పలు పోయినాక, వరదయ్య మామ అడిగితే కాదనలేకపోయినా. బావ నిలిచిపోయుంటే నా బతుకు ఈడనే అయిపోయుండు.”

పైన గిరి జోలెలో చెయ్యి పెట్టి మొదటి దోసిలి విసిరాడు. నిమ్మకాయలు, బంతిపూలు, విబూది. ఆడవాళ్ళ కొంగులు సాగాయి. రెండో దోసిలి విసిరాడు. అందులో టపటపమని ఏవో రాలాయి. మూడోది విసిరాడు. ఈసారి తేలిగ్గా, గాలికి తిరుగుతూ వచ్చాయి.

గింజలున్న కాయలు ఆడవాళ్ళ కొంగుల్లో పడ్డాయి. ఒట్టి తొక్కలు, నోరు తెరిచి పైకి చూస్తూ నిలబడ్డ ధనశేఖర్ మీద పడ్డాయి. ఒకటి సరిగ్గా నోట్లోకి పోయింది.

ఆయన దాన్ని ఉమ్మి, అరచేతిలో పెట్టుకొని, జేబులోంచి లామినేషన్ అట్ట తీసి పోల్చి చూశాడు.

“దొరికినారు!” అని అరిచాడు. “ముఠా మాను పైన దాక్కోనుండాది! ఎవురూ కదలొద్దండి!”

జనమంతా పైకి చూశారు. పైన ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడు, చెంప దగ్గర మైకు ఉందని మరిచి, జోలెలోకి తొంగి చూస్తూ గొణిగాడు. “అయ్యో, అన్నానికి ముందు తినే చెనక్కాయలు దీంట్లోనే పెట్టి మర్సిపోయినానే... ఇంట్లో లచ్చిమికి తెలిస్తే ఇంగేమన్నా ఉండాదా... నిస్సీ మేడమ్ పిడికెడు తింటే లావు తగ్గతావనింది గానీ, తొక్కలు యాడెయ్యల్లో చెప్పలేదు గదా...”

నాలుగు వీధుల్లోని స్పీకర్లూ ఆ మాటలను అక్షరం పోకుండా చెప్పాయి.

మొదట హార్మోనియం ఆయన నవ్వాడు. తర్వాత సుబ్బన్న పరక కింద పెట్టి నవ్వాడు. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. ధనశేఖర్ ఒక్కడే అట్టను, తొక్కను, మానును వరసగా చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి ఆయన మొహం వెలిగింది. “అంటే... చంపేవాడు, సచ్చేవాడు ఒకడే! నేను మొదటినుంచీ అనుకుంటానే ఉండా!”

గిరి దిగొచ్చేసరికి కాళ్ళు దద్దుర్లతో ఎర్రబడి ఉన్నాయి. తల ఎత్తలేదు. వరదయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఏడాదంతా దీనికోసమా అబ్బా, గుడి యెనకాల కూర్చోని?”

“మా నాయన మాను మామా” అన్నాడు గిరి.

వరదయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “మాను నీదే పోబ్బా.”

సుబ్బన్నకు మాత్రం సందేహం. “మరి ఆ చెనక్కాయలు... ఆడోళ్ళు కొంగులకు ముడేసుకున్యారే. విప్పమంటావా?”

వరదయ్య అటు చూశాడు. పంకజాక్షి ముడిని గుప్పిట్లో దాచి, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు నిలబడి ఉంది. పెళ్ళయి ఏళ్ళయినా ఆమెకు ఇంకా బిడ్డలు లేరు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“విప్పేదెందుకు? అడవిలో తపస్సు చేసేవాడికి ఏం దొరకతాది? కాయో గింజో. అదే ఇచ్చినాడు. తల్లీ, కండ్లకద్దుకోని తిను.” తర్వాత గిరి వైపు తిరిగి మెల్లగా అన్నాడు. “వచ్చే ఏడు తొక్కలు ఏరేసి పోసుకో.”

ఆ పూట నుంచి ఉదయలక్ష్మి మొగుడితో మాట్లాడలేదు. కంకణం విప్పిన రోజు మధ్యాహ్నం గిరి పీట మీద కూర్చున్నాడు. ఆమె సంగటి తేలేదు. ఒక చిన్న గిన్నె తెచ్చి ఠక్కున ముందర పెట్టింది. అందులో వేయించిన వేరుశనక్కాయలు, తొక్క ఒలిచినవి.

“యాడో గుడి యెనకాల దొంగ మాదిరి తినకపోతే, ఈడ నన్నడగలేవా? నేనేమన్నా రాక్షసినా? తిను. అరగంట తర్వాతే సంగటి. గడియారం సూస్తా ఉంటా.”

గిరి గిన్నెలో చెయ్యి పెట్టబోయాడు.

“ఆగు! ముట్టొద్దు!”

గుమ్మంలో ధనశేఖర్. ప్యాంటు నూలు తాడుతో నిలిచి ఉంది.

“ఇంకేందిరా? హంతకుడు దొరికిపోయినాడు గదా” అన్నాడు గిరి.

“దొరికినాడు. కానీ యాడుండాడు?” ధనశేఖర్ వచ్చి పక్కన కూర్చొని, గిన్నెను తన వైపుకు జరుపుకున్నాడు. “నీ పీట మీదే కూర్చోనుండాడు. అట్లాంటోడి కాడ నిన్ను ఒంటరిగా వదిలి నేనెట్ల పోయేది?”

ఒక గింజ నోట్లో వేసుకొని కళ్ళు మూసుకున్నాడు. “మొదటిదాంట్లో పెట్టరు...”

ఉదయలక్ష్మి వంటింట్లోకి పోయి ఇంకో గిన్నె తెచ్చింది. దాన్ని మొగుడి చేతికే ఇచ్చి, డిటెక్టివ్‌కు అడ్డంగా కూర్చుంది. లెక్కపెట్టలేదు గానీ, అది పిడికెడే.